రక్తపూతలో గోధుమరంగు రేణువు

వానలు పడి వాగులు పారడం మొదలయ్యాక మారేడుమిల్లి మన్యంలో జ్వరం ఏ ఇంట్లో తగిలినా ముందుగా అనుమానించేది మలేరియానే. తూర్పు కనుమల్లో ఈ జబ్బును మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. అది కొండవాగుల్లో నెమ్మదిగా పారే నీటిలోనే పెరుగుతుంది. గూడేనికి వచ్చే ఆశ కార్యకర్త సంచిలో ర్యాపిడ్ కిట్ ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఉందో లేదో తేల్చేస్తుంది. రోడ్డుకు దూరంగా ఉన్న గూడేలకు అది ఎంత పెద్ద అండో మాటల్లో చెప్పలేం. కానీ జబ్బు ఎంత ముదిరిందో కిట్ చెప్పదు. పైగా కొన్ని రకాల కిట్లు ఫాల్సిపారం రకం మలేరియా తగ్గిపోయాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపిస్తాయి. తీవ్రత తెలియాలంటే రక్తపూత తీయాలి, దాన్ని చదవగల కన్ను ఉండాలి. ల్యాబ్ టెక్నీషియన్ల చేతిలో ఉన్న ఆ పనితనాన్ని దగ్గరగా చూస్తే మనసారా మెచ్చుకోకుండా ఉండలేం.

ఎడమచేతి ఉంగరపు వేలికి సూది గుచ్చుతారు, పసిపిల్లలకైతే కాలి బొటనవేలికి. మొదటి చుక్క తుడిచేస్తారు. తర్వాతి చుక్కలతో ఒకే గాజు పలక మీద రెండు పూతలు వేస్తారు. మూడు నాలుగు చిన్న చుక్కల్ని కలిపి సెంటీమీటరు వెడల్పున గుండ్రంగా పరిచింది మందపు పూత. ఎంత మందం ఉండాలి? పలక కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు కనీకనబడేంత. పక్కనే మరో చుక్క వేసి, ఇంకో పలక అంచును వాలుగా ఆనించి, చుక్క ఆ అంచు పొడవునా పాకాక ఒక్క ఊపున ముందుకు తోస్తే పలుచటి పూత. చెయ్యి మధ్యలో తడబడితే చారలు పడతాయి. చక్కగా వస్తే పూత చివర నాలుక కొసలా తేలి, ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా పరుచుకుంటాయి.

అసలు పరీక్ష ఆరబెట్టడంలో ఉంది. మన్యంలో వానాకాలపు తేమకు మందపు పూత ఒక పట్టాన ఆరదు. తొందరపడి వేడి చూపిస్తే రక్తం గాజుకు గట్టిగా అతుక్కుపోతుంది. అప్పుడు నీళ్లలో ముంచినా ఎరుపు వదలదు, పూత పనికి రాదు. అలాగని మూత లేకుండా వదిలేస్తే ఈగలు, చీమలు వచ్చి పూతను తినేస్తాయి. పలుచటి పూతను మాత్రం మిథనాల్‌లో ముంచి గట్టిపరుస్తారు. ఆ మిథనాల్ చుక్క మందపు పూతకు తగలకూడదు.

రంగు వేయడానికి మన దేశంలో ఎక్కువగా వాడేది జేఎస్‌బీ. మలేరియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో జశ్వంత్ సింగ్, భట్టాచార్జీ 1944లో రూపొందించిన రంగు ఇది. తక్కువ ఖర్చు, తక్కువ సమయం. ఇయోసిన్‌లో ఒక్క ముంపు, కడగడం, నీలిరంగులో అర నిమిషం పైచిలుకు, మళ్లీ కడగడం. కడిగే నీటిని కూడా బఫర్‌తో సరిచేసుకోవాలి. నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువైతే వైవాక్స్ రకం క్రిమి సోకిన కణంలోని సన్నటి చుక్కలు కనిపించకుండా పోతాయి, జాతిని పోల్చుకోవడం కష్టమవుతుంది.

సూక్ష్మదర్శినిలో వెయ్యి రెట్లు పెద్దదిగా చూసినప్పుడు పరాన్నజీవి కేంద్రకం ఎర్రగా, ఒళ్లు నీలంగా కనిపిస్తుంది. మందపు పూతలో కనీసం వంద ఫీల్డులు చూడనిదే నెగెటివ్ అని రాయకూడదు. కనబడితే 200 తెల్లకణాలు లెక్కపెట్టేలోగా ఎన్ని క్రిములు వచ్చాయో గుర్తించి, ఆ సంఖ్యను 40తో హెచ్చిస్తారు. మైక్రోలీటరు రక్తంలో 8,000 తెల్లకణాలు ఉంటాయన్న అంచనా మీద కట్టిన లెక్క ఇది. 50 కనబడితే 2,000 అన్నమాట.

అయితే ఫాల్సిపారం ఈ లెక్కకు పూర్తిగా దొరకదు. లేత ఉంగరపు దశలో మాత్రమే అది రక్తంలో తిరుగుతుంది. ముదిరాక మెదడు, మూత్రపిండాల సన్నని నాళాల గోడలకు అతుక్కుని దాక్కుంటుంది. వేలి రక్తంలో కొద్దిగానే కనబడినా లోపల పెద్ద దండే ఉండవచ్చు. అందుకే ఆరితేరిన టెక్నీషియన్ ఉంగరాలతో ఆగడు, తెల్లకణాల కడుపులోకి కూడా చూస్తాడు. అక్కడ గోధుమరంగు రేణువులు కనబడితే, దాక్కున్న క్రిములు పగిలి చెత్త వదులుతున్నాయని అర్థం. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో నూటికి ఐదుకు మించిన వాటిలో ఈ రేణువులుంటే రోగి పరిస్థితి ప్రమాదకరమని వైద్యులు పరిగణిస్తారు.

ఆ రేణువు పేరు హీమోజోయిన్. దానికి ఏ రంగూ అద్దలేదు, అది దాని సొంత రంగు. 1880 నవంబరులో అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్‌లో ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ మలేరియా క్రిమిని కనిపెట్టింది ఈ రంగు వెంట పడే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడ మీద మలేరియా క్రిమిని పోల్చుకున్నదీ ఈ రేణువుల వల్లే. హిమోగ్లోబిన్‌ను తిన్న క్రిమికి మిగిలే హీమ్ విషం. దాన్ని స్ఫటికంగా మార్చి క్రిమి తనను తాను కాపాడుకుంటుంది. ఆ స్ఫటికం కట్టడానికి క్రిమి లోపలి అతిసూక్ష్మమైన కొవ్వు బిందువులు తోడ్పడతాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి.

కొవ్వుతో క్రిమికి ఇంకో అవసరం కూడా ఉంది. ఫాల్సిపారం రెండు రోజుల్లో ఒకటి పదుల్లోకి పెరుగుతుంది. పుట్టే ప్రతి పిల్లకూ పొర కావాలి. కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారుచేసుకునే శక్తి దానికి లేదు, రోగి రక్తం నుంచే లాక్కోవాలి. మరోపక్క జ్వరానికి స్పందించే కాలేయం కూడా కొవ్వుల రవాణాను మార్చేస్తుంది. అందుకే మలేరియా రోగి రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ పడిపోతాయి, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరుగుతాయి. తీవ్రమైన కేసుల్లో ఈ మార్పు మరింత ఎక్కువగా ఉన్నట్టు పలు అధ్యయనాలు చూపించాయి.

రక్తంలోని ఈ కొవ్వుల్ని, అంటే లిపిడ్లను, కొలిచి మలేరియా తీవ్రతను అంచనా వేయవచ్చన్నది ఆశ పుట్టించే విషయమే. అలాగని ఈ లిపిడ్ పరీక్ష స్లైడుకు బదులు అవుతుందని నేను నమ్మను. డెంగీలోనూ, రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్లలోనూ హెచ్‌డీఎల్ తగ్గుతుంది. జ్వరంతో నాలుగు రోజులు ముద్ద ముట్టని మనిషి లెక్క వేరు, చాలీచాలని తిండితో పెరిగిన పిల్లవాడి లెక్క వేరు. ట్రైగ్లిజరైడ్లు మరీ పెరిగితే సీరం పాలలా తెల్లబడుతుంది, టెక్నీషియన్ దాన్ని కంటితోనే పోల్చుకోగలడు. కానీ ఆ తెలుపు మలేరియా వల్లేనా అన్నది తేల్చాల్సింది పక్కనున్న గాజు పలకే.

అందువల్ల లిపిడ్ సంఖ్యను రక్తపూత లెక్క పక్కనే రాయాలి. మొదటిరోజు ఒకసారి తీసి వదిలేయకుండా, మందు పనిచేసి స్లైడు శుభ్రపడ్డాక, మనిషి తేరుకుని కడుపునిండా తింటున్న రోజుల్లో మళ్లీ తీయాలి. రెండో సంఖ్య చేతికొస్తేనే, మొదటిరోజు హెచ్‌డీఎల్ తగ్గింది మలేరియా వల్లనో, ఆ మనిషికి ఎప్పుడూ అంతేనో తెలుస్తుంది.