ఏ పరుపు మీద?

మంచం పట్టిన మనిషి వీపు ఎర్రబడితే మన వార్డుల్లో చెయ్యి ముందు స్పిరిట్ సీసా మీదికి పోతుంది, ఆ వెంటనే పౌడరు డబ్బా మీదికి. గట్టిగా రుద్దితే రక్తం ఆడుతుందని నమ్మకం. సీనియర్ సిస్టర్లు నాకూ అదే నేర్పారు, ఎంతో శ్రద్ధగా.

ఇంగ్లండులోనూ ఒకప్పుడు ఇదే వరస. ఒక్కో ఆస్పత్రిది ఒక్కో లేపనం. డోరీన్ నార్టన్ అనే నర్సు వృద్ధుల వార్డుల్లో ఈ సంగతి తేల్చడానికి పూనుకున్నారు. ఎవరికి పుండు పడుతోంది, ఎవరికి పడటం లేదు, ఏం చేస్తే ఆగుతోంది? 1962లో వెలువడిన ఆ అధ్యయనంలో పూతలు తేలిపోయాయి. వేళకి ఒత్తిగిలించి పడుకోబెట్టడమే పనిచేసింది. ఒంటి స్థితి, తెలివి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు, ఈ ఐదింటికీ మార్కులు వేసి 14కి మించకపోతే జాగ్రత్తపడమనే నార్టన్ స్కేలు అక్కడిదే. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన చోటుని రుద్దితే లోపలి కండ ఇంకా నలుగుతుందని ఇప్పుడు మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఎర్రబడిన చోట మర్దన వద్దు.

మరి రెండు గంటలకోసారి తిప్పాలన్న నియమం? పరిశోధకులు దాన్నీ పరీక్షించకుండా వదల్లేదు. అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో నాన్సీ బర్గ్‌స్ట్రోమ్ బృందం కొందరిని రెండు, కొందరిని మూడు, కొందరిని నాలుగు గంటలకోసారి తిప్పి చూసింది. 2013లో ఫలితం వచ్చింది: పుండ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే వాళ్లంతా పడుకున్నది మంచి ఫోమ్ పరుపుల మీద. మధ్యలో గుంట పడ్డ మన దూది పరుపుకి ఆ లెక్క అతికిస్తే దెబ్బతినేది పేషెంటే.

ఇక్కడి లెక్క ఇక్కడే తేలాలి. కానీ మన నర్సింగ్ కాలేజీల్లో పరిశోధన అంటే ఎక్కువగా ‘స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం ప్రభావం’. ప్రశ్నపత్రం పంచి, పాఠం చెప్పి, మళ్లీ అదే ప్రశ్నపత్రం పంచుతారు. మార్కులు పెరుగుతాయి, పెరగక ఏం చేస్తాయి! బెడ్‌సోర్ గురించి సిస్టర్లకి ఎంత తెలుసో కొలుస్తాం. వీపు ఏమైందో చూడం.

రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్క సిస్టరు, మంచం పక్కన కొడుకో కోడలో. వాళ్లకి నేర్పి తిప్పిస్తే పుండ్లు తగ్గుతాయా? ఎథిక్స్ కమిటీ అనుమతి, ఓ రిజిస్టరు, రోజూ వీపు చూసే ఓపిక కావాలి. ఈ టాపిక్ పట్టుకొచ్చిన విద్యార్థినికి గైడ్ దొరకడమే కష్టం. ప్రశ్నపత్రమైతే నెలలో తేలిపోతుంది మరి.