స్కీ పందెం వ్యాఖ్యానం: తొందరపడిన మాట

క్రికెట్ వ్యాఖ్యానం మీకు సుపరిచితమే. బంతికీ బంతికీ మధ్య వ్యాఖ్యాతకు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. మంచు వాలుపై సాగే స్కీ పందెంలో ఆ వెసులుబాటు లేదు. క్రీడాకారులు ఒక్కొక్కరుగా దిగుతారు. వ్యాఖ్యాత చూసేది ఒకరిని, పోల్చవలసింది అంతకుముందే దిగిపోయిన మరొకరితో. ఆ తేడా కంటికి అందదు, గడియారమే చెప్పాలి.

2018 ప్యాంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మహిళల సూపర్-జీ పందేన్ని పరిశీలించండి. ఆస్ట్రియాకు చెందిన అన్నా ఫైత్ 1 నిమిషం 21.12 సెకన్లతో ముందంజలో ఉంది. పేరున్నవారంతా దిగిపోయారు. అమెరికా చానల్ ఎన్‌బీసీ ఆమెను విజేతగా ప్రకటించి, ఫిగర్ స్కేటింగ్ ప్రసారానికి మళ్లింది. తరువాత 26వ సంఖ్యతో దిగిన చెక్ క్రీడాకారిణి ఎస్టెర్ లెడెట్స్కా సెకనులో నూరో వంతు తేడాతో స్వర్ణం గెలిచింది!

లెడెట్స్కా అప్పటికి స్నోబోర్డులోనే ప్రసిద్ధురాలు. ఆమె గెలుపును ఊహించలేకపోవడాన్ని విమర్శించనక్కరలేదు. విమర్శించవలసింది వాడిన మాటను. ‘ప్రస్తుతానికి ముందంజలో ఉంది’ అనవలసిన చోట ‘విజేత’ అన్నారు. జాబితాలో ఇంకా పేర్లు మిగిలి ఉండగా ఆ మాటకు ఆధారం లేదు.

గమ్యం చేరిన లెడెట్స్కా ఫలితాల తెరను నమ్మలేక అలాగే నిలబడిపోయింది. వ్యాఖ్యాత మౌనంగా ఉండి ప్రేక్షకుడికి వదిలేయవలసిన క్షణమది. చానల్ అప్పటికే మరో క్రీడకు వెళ్లిపోయింది.