నగర రవాణా ప్రణాళిక: కిలోమీటరు లెక్క, ప్రయాణికుని లెక్క

నగరమునకు క్రొత్త రైలు మార్గము వచ్చుచున్నదని ప్రకటన వెలువడినప్పుడు పత్రికలలో రెండు అంకెలు పెద్ద అక్షరములతో కనబడును. ఒకటి మార్గము పొడవు, రెండవది దాని వ్యయము. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని కోట్లు! చదివినవారిలో కొందరు సంతోషింతురు. కొందరు ఖర్చు ఎక్కువని పెదవి విరుతురు. కాని ప్రతి ఉదయము బస్సు స్టాపులో నిలుచుండు కూలివానికి గాని, విద్యార్థికి గాని ఈ అంకెలు రెండును ఏమియు చెప్పవు. వారికి కావలసిన అంకెలు వేరు. బండి కొరకు ఎన్ని నిమిషములు వేచియుండవలెను? ప్రయాణమునకు ఎన్ని రూపాయలు చెల్లించవలెను? రవాణా ప్రణాళిక మంచిదా, కాదా అని తేల్చుటకు ఈ రెండవ జత అంకెలే సరియైన కొలబద్దలు. వీనిని గణించుటకు ఉన్నత పాఠశాలలో నేర్పు గణితమే చాలును. హైదరాబాదు నగరమును ఉదాహరణగా తీసికొని ఈ విషయమును పరిశీలింపవచ్చును.

హైదరాబాదులో ప్రజా రవాణా చరిత్ర పాతది. 1932 జూన్ నెలలో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో ప్రారంభించినది. రైలును, బస్సును ఒకే సంస్థ నడుపుట అందలి విశేషము. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడిన పిదప నగర బస్సులు దాని ఆధీనములోనికి వచ్చినవి. రైలు వేరు, బస్సు వేరు అయినవి. 2003 ఆగస్టు 9న, అదివరకే ఉన్న రైలు పట్టాలపై ఎం.ఎం.టి.ఎస్. అను స్థానిక రైళ్ళు నడవసాగినవి. 2017 నవంబరులో మెట్రో రైలు మొదటి భాగము తెరువబడినది. 2020 ఫిబ్రవరి నాటికి సుమారు 69 కిలోమీటర్ల మార్గము పూర్తియైనది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము మరి 76.4 కిలోమీటర్ల రెండవ దశను 24,269 కోట్ల రూపాయల అంచనాతో కేంద్రమునకు పంపినది.

మొదటి దశ నేర్పిన పాఠమేమి? దానికైన వ్యయము 18,000 కోట్ల రూపాయలకు పైబడినది. ఈ ధనమును అప్పు తెచ్చినను, సొంతముగా పెట్టినను, దానికి ఒక వార్షిక వెల ఉండును. లెక్క సులభమగుటకు ఆ వెలను నూటికి 8 వడ్డీగా భావింతము. సంవత్సరమునకు 1,440 కోట్లు, అనగా రోజుకు దాదాపు 4 కోట్లు. రోజుకు 5 లక్షలమంది ప్రయాణించినచో ఒక్కొక్క ప్రయాణముపై పడు వడ్డీ భారము 80 రూపాయలు. అదే 15 లక్షలమంది ప్రయాణించినచో సుమారు 27 రూపాయలు మాత్రమే. ఇందులో విద్యుత్తు ఖర్చు, జీతములు, మరమ్మతులు ఇంకను చేరలేదు. మార్గము అదే, పట్టాలు అవే, రైళ్ళు అవే. మారినది ప్రయాణికుల సంఖ్య ఒక్కటే.

ఈ 15 లక్షలు ఊరక తీసికొన్న అంకె కాదు. ప్రణాళిక వేసినప్పుడు తొలి సంవత్సరములలోనే రోజుకు అంతమంది ఎక్కుదురని అంచనా వేసిరి. వాస్తవముగా 2024 నాటికి ఎక్కినవారు సగటున సుమారు 5 లక్షలే. 2020లో వచ్చిన మహమ్మారి ఇందుకు కొంత కారణమే. అయినను మూడవ వంతుకు పడిపోవుటకు అదొక్కటే కారణము కాజాలదు. ఫలితమేమి? 2017లో కనిష్ఠము 10, గరిష్ఠము 60 రూపాయలుగా ఉన్న చార్జీ 2025 మే నెలలో పెరిగి, తగ్గింపు ఇచ్చిన పిదప 11, 69 రూపాయల వద్ద నిలిచినది. నిర్మించిన ప్రైవేటు సంస్థ నష్టములను భరింపలేక వైదొలగ నెంచినది. సుమారు 13,000 కోట్ల అప్పుతో సహా ఆ మార్గమును తానే స్వీకరించుటకు రాష్ట్ర ప్రభుత్వము 2025 సెప్టెంబరులో అంగీకరించినది. ప్రైవేటు పెట్టుబడితో వచ్చినదన్న మార్గపు అప్పు తుదకు ప్రజల ఖాతాకే చేరినది. అంచనాలోని తప్పు కాగితముమీద ఉండిపోదు. టిక్కెట్టుపైననో, పన్నుపైననో అది తేలును.

దీనిని బట్టి మెట్రో రైలే తప్పని తీర్మానించుట తొందరపాటు. మూడు పెట్టెల రైలులో సుమారు వేయిమంది పట్టుదురు. మూడు నిమిషములకు ఒకటి చొప్పున నడపినచో గంటకు 20 రైళ్ళు, ఒకే దిశలో 20,000 మంది. పెట్టెలు ఆరైనచో దానికి రెట్టింపు. కార్లతో నిండిన రోడ్డులో ఒక వరుస గంటకు రెండు వేలమందినైనను దాటించలేదు. కావున అమీర్‌పేట వంటి ఇరుకైన, జనసమ్మర్దము గల తావులలో పైమార్గపు రైలు చేయు పని మరి దేనివలనను కాదు. అంతటి జనప్రవాహము ఉన్న దారి ఏది, లేని దారి ఏది అన్నదే ప్రశ్న. ఉన్న దారిలో వేసిన మెట్రో చవుక. లేని దారిలో వేసిన మెట్రో ఖరీదు.

ఇక బస్సుల సంగతి. బస్సు సేవను పెంచుట అనగా క్రొత్త బస్సులు కొనుటయే అని చాలమంది తలంపు. ఒక చిన్న లెక్క ఈ తలంపును సరిదిద్దగలదు. ఒక మార్గములో బస్సు పోయి తిరిగి వచ్చుటకు 120 నిమిషములు పట్టుననుకొందము. 12 బస్సులున్నచో పది నిమిషములకు ఒకటి వచ్చును. బస్సులకు రోడ్డుపై ప్రత్యేకమైన వరుస కేటాయించి, ప్రయాణకాలమును 90 నిమిషములకు తగ్గించినచో, అవే 12 బస్సులు ఏడున్నర నిమిషములకు ఒకటి చొప్పున వచ్చును. పాత వేగముతో ఈ ఫలితము సాధింపవలెనన్న 16 బస్సులు కావలెను. అనగా ఒక రంగు గీత, దానిని కాపాడు పోలీసు కలిసి నాలుగు బస్సులు కొని ఇచ్చినట్లే. వాని డ్రైవర్ల జీతము, ఇంధనము కూడ మిగిలినట్లే.

బస్సులు ఎన్ని అన్నదే గాక, ఎట్లు వచ్చుచున్నవి అన్నదియు ముఖ్యము. పది నిమిషములకు ఒకటి చొప్పున క్రమముగా వచ్చినచో, ఎప్పుడు పడితే అప్పుడు స్టాపునకు వచ్చు మనిషి సగటున 5 నిమిషములు వేచియుండును. అవే బస్సులు జంటలుగా ఇరువది నిమిషములకు ఒకసారి వచ్చినచో సగటు నిరీక్షణ 10 నిమిషములు. బస్సుల సంఖ్య మారలేదు, నిరీక్షణ రెట్టింపైనది. ఈ జంటలు కట్టుట డ్రైవర్ల దోషము కాదు. ఏ కారణముననో ఒక బస్సు ఆలస్యమైనచో తరువాతి స్టాపులో జనము ఎక్కువ చేరుదురు. వారు ఎక్కుటకు మరింత కాలము పట్టి ఆలస్యము పెరుగును. వెనుక వచ్చు బస్సునకు జనము తక్కువ, అది త్వరగా వచ్చి ముందు దానిని కలిసికొనును. నీవెల్, పాట్స్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1964లోనే ఈ విషయమును గణితముతో నిరూపించిరి. ముందు బస్సులో కాలు మోపుటకు తావులేక, వెనుక బస్సు ఖాళీగా పోవుటను చూచి విసుగుకొనువారికి ఇదే శాస్త్రీయమైన సమాధానము.

బస్సునకు మరియొక మంచి గుణము కలదు. కార్ల రోడ్డులోనికి క్రొత్త కారు వచ్చినచో తక్కినవారి ప్రయాణము మందగించును. బస్సు మార్గమునకు క్రొత్త ప్రయాణికులు వచ్చినచో బస్సులు పెంచవలసి వచ్చును; అందువలన పాతవారి నిరీక్షణ కూడ తగ్గును. హెర్బర్ట్ మోరింగ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1972లో దీనికి ఒక సూత్రము చూపెను. ప్రయాణికులు నాలుగింతలైనచో బస్సుల సంఖ్య రెండింతలగుట యుక్తము, నిరీక్షణ సగమగును. ప్రజా రవాణాకు ప్రభుత్వము సహాయము చేయుట దానము కాదు, లెక్క ప్రకారము న్యాయమే అనుటకు ఇది ఆధారము.

ప్రత్యేక వరుసల పద్ధతి అన్నిచోట్ల జయము పొందినదా? పొందలేదు. బ్రెజిల్ దేశమందలి కురిటిబా నగరము 1974 నుండి దీనిని నడుపుచున్నది. కొలంబియాలోని బొగోటా 2000లో చేపట్టి పెద్దయెత్తున పెంచినది. ఢిల్లీలో 2008లో వేసిన వరుసను 2016లో తొలగించిరి. పొడవు స్వల్పము, కూడళ్ళ వద్ద సంకేతములు సరిగా లేవు, కార్లవారి ఆగ్రహము మెండు. రోడ్డులో కొంత భాగమును కార్లనుండి తీసికొనుట ఇంజనీరింగు సమస్యకన్న రాజకీయ సమస్య. పైమార్గపు రైలు ఎవరి రోడ్డును తీసికొనదు. అందువలననే అది ఖరీదైనను సులభముగా ఆమోదము పొందును. ఈ సత్యమును ప్రణాళికలు బయటికి చెప్పవు.

ఈ దృష్టితో రెండవ దశను పరిశీలించినచో మెచ్చదగినవి ఉన్నవి. మొదటి దశలో మహాత్మాగాంధీ బస్సు స్టేషను వద్ద ఆగిపోయిన మార్గమును పాతబస్తీ గుండా చాంద్రాయణగుట్ట వరకు పొడిగించుట వానిలో మొదటిది. జనము దట్టముగా నివసించు ఆ ప్రాంతమునకు 7.5 కిలోమీటర్ల ఈ మార్గము ఏనాడో రావలసినది. పెట్టుబడిలో దాదాపు సగమును తక్కువ వడ్డీ ఋణములనుండి తెచ్చుట రెండవది. 24,269 కోట్లకు నూటికి 8 వడ్డీ అయినచో రోజుకు 5 కోట్లకు పైగా భారము. నూటికి 2 అయినచో ఒక కోటి ముప్పది లక్షలు మాత్రమే. అప్పు ఎక్కడ తెత్తురన్నది ఎంత ముఖ్యమో దీనివలన తెలియును. కాని విదేశీ ద్రవ్యములో తెచ్చిన అప్పును, రూపాయి విలువ తగ్గినప్పుడు, ఎక్కువ రూపాయలతో తీర్చవలసి యుండునని మరువరాదు.

సందేహింపదగినది విమానాశ్రయ మార్గము. మొత్తము 76.4 కిలోమీటర్లలో దీని భాగము 36.8, అనగా దాదాపు సగము. శంషాబాదు విమానాశ్రయమును 2023–24లో ఉపయోగించినవారు సుమారు 2 కోట్ల 50 లక్షలు. రోజుకు దాదాపు 68 వేలు. వీరిలో అందరును రైలెక్కరు. ఈ మార్గము నాగోలు, ఎల్.బి. నగరు, చాంద్రాయణగుట్టల మీదుగా పోవుటచే నడుమ వారికిని ఉపయోగపడుననుట నిజమే. అట్లయినచో ఆ నడుమ భాగమును ముందు నిర్మించి, తక్కినదానిని ప్రయాణికుల సంఖ్య నిరూపించిన పిదప చేపట్టవచ్చును. పెద్ద పెట్టుబడిని మెట్లుమెట్లుగా పెట్టుట గృహస్థుడెరిగిన వివేకమే.

ఈ ధనములో పదవ వంతును ప్రక్కకు తీసినచో 2,427 కోట్లు. విద్యుత్ బస్సు ఒకటిన్నర కోటి అనుకొన్నను 1,600 బస్సులు వచ్చును. మహానగరములో తిరుగుచున్న ఆర్టీసీ బస్సులు సుమారు 3 వేలు. కావున ఇది సగమునకు పైగా పెరుగుదల. బస్సులకు ప్రతి యేటను జీతముల ఖర్చు అధికమన్నది నిజము; ఆ ఖర్చునకు కూడ ప్రణాళికలో స్థానముండవలెను. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు లేదు. ఆ సౌకర్యము నిజమగుటకు బస్సు కూడ ఉండవలెను గదా! టిక్కెట్టు లేకుండుట వేరు, ఎక్కుటకు చోటుండుట వేరు.

మరియొక లోపము సంస్థల మధ్య గోడలు. 1932లో ఒకే చేతిలో ఉన్న రైలు, బస్సు నేడు దక్షిణ మధ్య రైల్వే, ఆర్టీసీ, మెట్రో అను మూడు చేతులలో ఉన్నవి. ఇంటినుండి స్టేషనుకు ఆటో, అక్కడినుండి మెట్రో, దిగిన పిదప మరల బస్సు అయినచో మూడు చార్జీలు, మూడు నిరీక్షణలు. వీనిని సమన్వయపరచుటకు 2008లోనే ఒక ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థ ఏర్పడినది. దానికి ధనము, అధికారము చాలినంత లేవు. రోజుకు 500 రూపాయలు సంపాదించువాడు గరిష్ఠ చార్జీతో మెట్రోలో పోయి వచ్చినచో 138 రూపాయలు, అనగా సంపాదనలో నాలుగవ వంతుకు పైన. దానిపై ఆటో ఖర్చు. అతడు మోటారు సైకిలు కొనుటలో ఆశ్చర్యమేమి? అట్లు కొన్న ప్రతి బండియు బస్సును మరింత ఆలస్యము చేయును.

భారత ప్రభుత్వపు 2006 నాటి జాతీయ నగర రవాణా విధానము వాహనములను గాక మనుష్యులను తరలించుటే లక్ష్యమని చెప్పినది. 2017 నాటి మెట్రో విధానము ఇతర మార్గములతో పోల్చి చూచిన తరువాతనే మెట్రోను ఎన్నుకొనవలెనని నియమించినది. సూత్రములు సరియైనవే. ఆ పోలికలను, అంచనాలను ప్రజలు పరిశీలించుటకు వీలుగా ప్రకటించుట, పదేండ్ల తరువాత అంచనాను ఫలితముతో సరిచూచుట, ఈ రెండును ఆచారముగా మారినగాని మొదటి దశలోని తప్పు మరల జరుగకపోదు.

ఈ పరీక్షను తరగతిలోనే ఆరంభింపవచ్చును. విద్యార్థులు గడియారముతో తమ బస్సు స్టాపులో ఒక గంట నిలిచి, ఒకే మార్గపు బస్సులు వచ్చిన వేళలను వ్రాసికొనవలెను. రెండు బస్సుల మధ్య వ్యవధులను కట్టి, ఒక్కొక్క వ్యవధిని దానితోనే గుణించి, ఆ లబ్ధములన్నిటిని కూడి, మొత్తము వ్యవధికి రెట్టింపుతో భాగించినచో సగటు నిరీక్షణ వచ్చును. అది బస్సులన్నియు క్రమముగా వచ్చినప్పటి నిరీక్షణకన్న ఎంత ఎక్కువయో చూడవలెను. ఆ తేడాయే ఆ వీధివారు ప్రతి దినము చెల్లించుచున్న, ఏ బడ్జెట్టులోను కనబడని పన్ను.