యాంబిగ్యుయిటీ: దోషమా, గుణమా?

ఆంగ్లమునందలి 'యాంబిగ్యుయిటీ' యను పదమును తెలుగున సాధారణముగా 'సందిగ్ధత' యందురు. ఈ యనువాదము సగమే సరియైనది. లాటిను మూలమున దీనికి ఇరువైపులకు తోలుట యని యర్థము. క్రయపత్రమున నొక మాట యిట్లు రెండు వైపులకు పోయినచో వ్యాజ్యమునకు దారితీయును. అచ్చట నది దోషమే. మమ్మటుడును కావ్యప్రకాశమున సందిగ్ధమును దోషములలోనే చేర్చెను.

విలియం ఎంప్సన్ 1930లో 'సెవెన్ టైప్స్ ఆఫ్ యాంబిగ్యుయిటీ' యను గ్రంథమున నీ పదము నర్థమును విస్తరింపజేసెను. ఒకే వాక్యము వేర్వేరు స్పందనలకు తావిచ్చుట కవిత్వమునకు మూలబలమని యాతని వాదము. తెలుగువారికిది పూర్తిగా క్రొత్త గాదు. పింగళి సూరన రాఘవపాండవీయమున రామ భారత కథలను ఒకే పద్యములలో నడపెను. తంజావూరి రఘునాథ నాయకుని కాలమున చేమకూర వేంకటకవి విజయవిలాసమున శ్లేషచమత్కారమును పండించెను.

అయినను శ్లేష దీనికి సరియైన పర్యాయము గాదు. శ్లేషలో నర్థములు రెండును కవి యెరిగి కూర్చినవి. ఎంప్సన్ చెప్పిన యేడవ రకమున పరస్పరవిరుద్ధములగు నర్థములు కవి మనస్సులోని చీలికనే వెల్లడించును. అట్లని ప్రతి యస్పష్టతయు గుణము గాదు. ఒక్క యర్థమును దొరకని రచన కీ పదము రక్ష గాజాలదు.

కావున పత్రములయెడ 'సందిగ్ధత' యనియు, కావ్యములయెడ 'అనేకార్థత' యనియు వాడుట యుచితము. లేనిచో ఆంగ్లమున విమర్శ నేర్చిన తమిళనాటి తెలుగు విద్యార్థి, తన పూర్వుల కావ్యసంపదను దోషమని భ్రమింపగలడు.