అక్షరం లేని కన్ను

దూరదర్శన్ పాత గుర్తు కదిలే తీరు మొన్న మళ్లీ మళ్లీ చూశాను. దాన్ని గీసింది అహ్మదాబాదు ఎన్.ఐ.డి.లో చదివిన దేవాశిష్ భట్టాచార్య. 1976లో తెర మీదికి వచ్చింది. రవిశంకర్ బాణీ మోగుతుంటే రెండు వంపులు మెల్లగా తిరిగి, నడిమి గుండ్రం చుట్టూ చేరి కన్నవుతాయి. తిరిగితేనే కన్ను తయారవుతుంది. అదే దాని గొప్ప.

తర్వాత రంగులొచ్చాయి, మెరుపులొచ్చాయి. 2024లో డీడీ న్యూస్ గుర్తు ఎరుపు నుంచి కాషాయానికి మారితే వాదనంతా రంగు మీదే నడిచింది. నాకైతే కదలికే ముఖ్యం. ఇప్పటి చాలా చానళ్ల గుర్తులు ముందే తయారై వచ్చి, ఊరికే గిర్రున తిరిగి పోతాయి. ఎందుకు తిరిగాయో తెలీదు.

అప్పుడు వేరే చానల్ లేదు కాబట్టే నచ్చిందేమో అని అవ్వనడిగాను. మా హోసూరు అవ్వకు తమిళం, హిందీ చదవను రాదు. "ఆ కంట్లో అక్షరం లేదు కదరా, అందుకే అది మనది కూడా" అనింది.