చేదోడు అనే మాట మీద

ఉదయగిరి అనగానే మనకు కోట గుర్తొస్తుంది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట. పాఠ్యపుస్తకాలు అక్కడితో ఆగిపోతాయి. ఆ కొండ కింద దిలావర్‌భాయి వీధిలో ముస్లిం కుటుంబాలు కొయ్య చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతాయి. నర్ది, బిక్కి, కల్ది లాంటి అడవి కొయ్య. ఈ చేతిపనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెక్కేవాళ్లలో చాలామంది ఆడవాళ్లే. రంపం, ఉలి, ఆకురాయి వాళ్ల చేతుల్లోనే అరుగుతాయి. పొయ్యి ఒక పక్క, కొయ్యపొట్టు ఒక పక్క.

మన సాహిత్యంలో ఈ ఆడమనిషి ఎక్కడుంది?

ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. బాబ్రీ మసీదు కూలింది ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో. (ఈ వరసను తిరగేసి చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.) ఈ దేశంలో ముస్లింగా పుట్టడమే ఒక అభియోగంగా మారిన స్థితిని తెలుగులో నిలబెట్టిన కావ్యం అది. దాని విలువ తగ్గేది కాదు. అయితే ఆ దారిలో తర్వాత వచ్చిన కవిత్వంలో బోనులో నిలబడ్డ ముస్లిం ఎక్కువగా మగవాడు. ఆడమనిషి అతని వెనక గుమ్మంలో ఉంటుంది. అమ్మీగా, ఆపాగా, కన్నీరుగా. గుమ్మం దాటి మాట్లాడిన షాజహానా లాంటివాళ్లు ఇంటి మగవాళ్లనూ బయటి మతతత్వాన్నీ కలిపి నిలదీశారు. అక్కడ కూడా చర్చంతా నఖాబు చుట్టూనే తిప్పింది పాఠకలోకం, విమర్శకులతో సహా.

స్త్రీవాదుల సంగతి వేరే. 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చింది. వంటింటి చాకిరీ మొదటిసారి గట్టి ప్రశ్నయింది. మంచిదే. కానీ చెంచా వాడే వంటిల్లు వేరు, చెంచా తయారయ్యే వంటిల్లు వేరు. దిలావర్‌భాయి వీధిలో ఇల్లే కార్ఖానా. పరదా వల్ల బయటికి పోలేని మనిషి దగ్గరికి పనే నడిచి వస్తుంది. ఇంటికి వచ్చిన పని గనుక రేటు తక్కువైనా పట్టుకోవాలి. పరదా మతాచారం మాత్రమే కాదు, కూలిని దించే ఏర్పాటు కూడా. ఈ మాట ఇటు మనవాళ్లూ అనలేదు, అటు వాళ్లూ అనలేదు.

నెల్లూరు ముస్లిం ఇళ్లను ప్రాణంతో చూపించింది మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. 1999లో పుస్తకమైంది. అందులో ఆడవాళ్లు తిడతారు, నవ్వుతారు, ఇల్లు ఈదుకొస్తారు. ఆ భాష చదివితే కావలి వీధి కళ్లకు కడుతుంది. కాకపోతే కథ చెప్పేది పిల్లవాడు. పిల్లవాడి కన్ను అమ్మ పనిని ప్రేమగా చూస్తుంది, కూలిగా లెక్కగట్టదు. అది ఆ కథల లోపమనను. వాటిని చూసి తర్వాతివాళ్లు అందరూ పిల్లవాళ్లయిపోవడమే ఇబ్బంది.

రెండు భాషల మధ్య బతికేవాడికి ఒక సంగతి తగులుతుంది. మన ఇళ్లల్లో రోజంతా ఆకురాయి పట్టిన ఆడమనిషిని ‘హాత్ బటాతీ హై’ అంటారు. తెలుగులో ‘చేదోడు’. రెండు భాషలూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట! చేసేది ఆమె, పని అతనిది. కారీగర్ అనగానే మగమనిషే మెదులుతాడు. ‘ఏం చేస్తావమ్మా’ అని అడిగితే ఆమె కూడా ‘ఇంట్లోనే ఉంటా’ అంటుంది. రచయిత ఆ జవాబును అలాగే రాసుకుని వచ్చేస్తున్నాడు.

ఆత్మకూరు దగ్గరి అనుమసముద్రంపేట దర్గాను తీసుకోండి. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఆడవాళ్లు వస్తారు. హేతువాదికి అది మూఢనమ్మకం, ముల్లాకి బిద్‌అత్. మన కథకులకు భక్తి. కానీ చాలామంది ఆడవాళ్లకు అడక్కుండా దొరికే ఏకైక ప్రయాణం అది. ఆ ఒక్కరోజు ఇల్లు, పని, అత్తగారు వెనక ఉండిపోతారు. ఈ కోణం నుంచి రాయదగ్గ కథ ఎంత పెద్దది!

2017 ఆగస్టులో సుప్రీంకోర్టు ముమ్మారు తలాక్ చెల్లదంది, 2019లో పార్లమెంటు దాన్ని నేరం చేసింది. ఆ రోజుల్లో ముస్లిం స్త్రీ మీద కాలమ్ రాయని పత్రిక లేదు. అటు జాలి, ఇటు కోపం. ఆమె కూలి గురించి మాత్రం ఒక్క పేరా లేదు. దూదేకుల అన్నదమ్ములను సాటి ముస్లింలే చిన్నచూపు చూస్తారన్న నిజాన్ని మన సాహిత్యం ఆలస్యంగానైనా ఒప్పుకుంది. ఇంటి లోపలి అసమానతకు ఆ వంతు ఇంకా రాలేదు.

కొయ్య ఎవరు కొంటారు? చెంచా రేటు ఎవరు ఖాయం చేస్తారు? డబ్బు ఎవరి చేతికొస్తుంది? కూతురి నికాకు ‘జోడేకి రఖం’ లెక్కపెట్టేటప్పుడు అందులో ఆమె చెక్కినవి ఎన్ని చెంచాలున్నాయో ఎవరైనా అడుగుతారా? మొహర్ మాత్రం నిఖానామాలో అంకెగా ఉండిపోతుంది. ఆ ఇంటి లెక్కల పుస్తకం తెరిచే కథ కోసం చూస్తున్నాను. అది దిలావర్‌భాయి వీధి నుంచే, ఆకురాయి పట్టిన చేతి నుంచే వస్తే మరీ సంతోషం.