సింకు పక్కన చిన్న స్ప్రేయర్

అమెరికాలో కాస్త పాతకాలపు ఇల్లు కొన్నవాళ్లకు వంటింట్లో కుళాయి పక్కనే, సింకు అంచు కన్నంలో నిలబడి, ఒక స్ప్రేయర్ కనిపిస్తుంది. బియ్యం కడగడానికి, తోటకూరకు పట్టిన మన్ను వదిలించడానికి, మూలల్లో అంటుకున్న మెతుకులు తోయడానికి దాన్ని మించింది లేదు. మీట నొక్కితే కుళాయి ఆగి నీళ్లు ఇటు దూకుతాయి, వదిలితే మళ్లీ అటే. ఈ దారి మార్పంతా చేసేది కుళాయి మెడ లోపల దాక్కున్న చిన్న ముక్క. దాని పేరు డైవర్టర్.

మా ఇంట్లో ఒక సాయంత్రం మీట నొక్కితే రెండు చోట్లా సన్నగా కారింది. డైవర్టర్ పోయిందనుకుని కొత్తది తెచ్చి వేశాను. ఏమీ మారలేదు. చివరికి చూస్తే తప్పు స్ప్రేయర్ మూతి కన్నాల్లో ఉంది. ఎందుకంటే, మీట వదిలి ఉన్నంతసేపు గొట్టం నిండా నీళ్లు ఒత్తిడితో నిలిచి ఉంటాయి. నొక్కగానే ఆ ఒత్తిడి పడిపోవాలి. పడిపోయినప్పుడే డైవర్టర్ కదిలి కుళాయి దారి మూస్తుంది. కన్నాలు పూడుకుపోతే ఒత్తిడి చాలినంతగా పడదు, బాగున్న డైవర్టర్ కూడా కదలదు. జబ్బు ఒకచోట, నొప్పి మరోచోట!

అందుకే చేయి తిరిగినవాళ్లు పానా పట్టుకునే ముందు నీళ్ల దారి వెతుకుతారు. స్ప్రేయర్ తల విప్పేసి గొట్టం కొసను బకెట్‌లో పెట్టి నీళ్లు వదలండి. ధార జోరుగా వస్తే తప్పు తలలోనే. రాకపోతే సింకు కింద గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో, సామాన్ల మధ్య నలిగిందేమో చూడాలి. అదీ బాగుంటేనే డైవర్టర్ వంతు.

కుళాయే సన్నగా వస్తుంటే ముందు దాని మూతికున్న జాలీ విప్పి కడగాలి. ఎంత రావాలో తెలుసుకోవడానికీ ఒక లెక్క ఉంది. 1994 నుంచి అక్కడి ఫెడరల్ నియమం ప్రకారం కొత్త వంటింటి కుళాయి నిమిషానికి 2.2 గ్యాలన్లు, అంటే సుమారు 8.3 లీటర్లు దాటకూడదు. ఖాళీ అయిన గ్యాలన్ పాల డబ్బా అరనిమిషం అటూ ఇటుగా నిండితే కుళాయికి ఏ లోటూ లేనట్టే.

కన్నాల్లో పేరుకునేది మన బోరు నీళ్ల బకెట్లకు పట్టే తెల్ల గారలాంటిదే, ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. గోరువెచ్చని వెనిగర్‌లో ఒక గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వదులుతుంది. ఇత్తడి బిందెలు తోమిన అలవాటుతో మనకు చింతపండు గుర్తొస్తుంది గానీ, ఇక్కడ వెనిగరే మేలు. చింతపండులోని పులుపు కాల్షియంతో కలిసి నీళ్లలో సరిగా కరగని పదార్థం అవుతుంది.

డైవర్టర్ దాకా వెళ్లాల్సి వస్తే సింకు కింద వేడినీళ్లు, చన్నీళ్లు రెండు వాల్వులూ కట్టేయాలి. చిన్న స్క్రూ జారిపోకుండా సింకు కన్నం మీద గుడ్డ పరచాలి. ఒక్కో ముక్కా విప్పిన వరుసలోనే తువాలు మీద పెట్టుకుంటే బిగించేటప్పుడు తడబాటు ఉండదు. అటూ ఇటూ తిరిగే కుళాయి మెడను మెల్లగా తిప్పుతూ పైకి లాగితే చాలా రకాల్లో డైవర్టర్ బయటపడుతుంది. అరిగిన రబ్బరు రింగులు మార్చి సిలికాన్ గ్రీజు రాయాలి. పెట్రోలియం జెల్లీ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కొత్త ముక్క కావాలంటే పాతదాన్ని జేబులో వేసుకుని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లడమే అక్కడివాళ్ల పద్ధతి, పక్కపక్కన పెట్టి సరిపోల్చి తెచ్చుకుంటారు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. వస్తువు పేరు తెలియనివాడు కూడా దాన్ని చూపించి పని నడుపుకోగలడు.

బిగించాక జాలీ పెట్టకుండానే వాల్వులు నెమ్మదిగా తెరిచి, లోపలి చెత్త పోయేదాకా నీళ్లు వదలండి. తర్వాత జాలీ పెట్టి మీట నొక్కండి. కుళాయి నుంచి కొద్దిగా కారుతూనే ఉన్నా మళ్లీ విప్పకండి, చాలా డైవర్టర్లు ఆ మాత్రం నీళ్లు వదులుతాయి.